ఏ సర్కారు బిడ్డా?



ప్రజాస్వామ్యంలో పౌరుల రాజకీయ విశ్వాసం నా పరిశోధనాంశం. ఈ సంగతి చెప్పగానే మా మేనత్త, "దానికి పీహెచ్‌డీ ఎందుకురా, ఎవరూ ఎవర్నీ నమ్మరని నేనే చెప్త" అన్నది. ఆమె మాటను సగమే ఒప్పుకుంటాను.

ప్రశ్నాపత్రం పట్టుకుని ఊళ్లు తిరిగిన తొలి రోజుల్లో, నాట్లు వేసి వస్తున్న ఒక అవ్వను ఆపి అడిగాను: "సర్కారును ఎంతమటుకు నమ్ముతరు?" ఆమె నన్ను ఎగాదిగా చూసి, "ఏ సర్కారు బిడ్డా?" అన్నది. నా కాగితంలో నాలుగే గడులు: పూర్తిగా, కొంత, తక్కువ, అసలే లేదు. ఢిల్లీదా, హైదరాబాద్‌దా, పంచాయతీదా, పాసుబుక్కు ఇచ్చే ఆఫీసుదా? ఆమె అడిగింది న్యాయమే.

అమెరికాలో ఇలాంటి ప్రశ్న 1958 నుంచి అడుగుతున్నారు. అప్పట్లో నలుగురిలో ముగ్గురు తమ ప్రభుత్వం చాలావరకు సరైన పనే చేస్తుందన్నారు. ఈమధ్య అలా అనేవాళ్లు అయిదుగురిలో ఒకరు. మన దేశంలో లోక్‌నీతి సర్వేలు చూస్తే జనం నమ్మకంలో సైన్యం పైన ఉంటుంది, రాజకీయ పార్టీలు అడుగున. డేవిడ్ ఈస్టన్ అనే పండితుడు 1960ల్లోనే ఒక తేడా చెప్పాడు: గద్దె మీదున్నవాళ్ల పనితీరు చూసి ఇచ్చే మద్దతు వేరు, వ్యవస్థ మీద ఉండే గురి వేరు.

ఈ తేడా చూడడానికి దూరం పోనక్కర్లేదు. 1977లో రాయ్‌బరేలీలో ఓడిన ఇందిరాగాంధీ 1980లో అక్కడా గెలిచారు, మెదక్‌లోనూ గెలిచారు. మెదక్‌నే ఉంచుకున్నారు. 1984 అక్టోబర్ 31న హత్యకు గురయ్యేనాటికి ఆమె మన మెదక్ ఎంపీ. ప్రధానమంత్రి మన ఎంపీ, జిల్లా పేరూ మనదే. కలెక్టరాఫీసు మాత్రం సంగారెడ్డిలో! అది మన మెదక్‌కు రావడానికి 2016 అక్టోబర్ దాకా ఆగాల్సి వచ్చింది. మనిషి మీద నమ్మకం ఎంతున్నా, పని అవుతుందన్న భరోసా దానంతటది రాదు.

ఇప్పుడు నల్లగొండ. ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిన ఊళ్లు 1996 లోక్‌సభ ఎన్నికల్లో నిరసనగా ఏకంగా వందల నామినేషన్లు వేశాయి. బరిలో 480 మంది. బ్యాలెట్ కాస్తా పుస్తకమైంది, పోలింగ్ వాయిదా పడింది. అప్పుడు డిపాజిట్ 500 రూపాయలే. ఆ ఎన్నికల తర్వాత దాన్ని పదివేలు చేశారు. జబ్బును వదిలి థర్మామీటరు ధర పెంచినట్టుందని నాకనిపిస్తుంది.

2019 నాటికి ఆ డిపాజిట్ 25,000. అయినా నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు వెనక్కి తగ్గలేదు. అక్కడ 185 మంది పోటీచేస్తే ఎక్కువమంది రైతులే. డిపాజిట్ తిరిగిరాదని తెలిసే కట్టారు. నాయకుల మాట మీద గురి పోయినవాళ్లు ఓటు పెట్టె మీద మాత్రం పోగొట్టుకోలేదు. నా సిద్ధాంత గ్రంథంలో నేను వాదించేది ఇదే.

ఆ ఎన్నికల్లోనే బీజేపీ అభ్యర్థి ధర్మపురి అర్వింద్ పసుపు బోర్డు తెస్తానని, తేకపోతే రాజీనామా చేస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి గెలిచారు. బోర్డు నిజామాబాద్‌లో ప్రారంభమైంది 2025 జనవరిలో. రాజకీయాలు పక్కన పెట్టి ఆ కాగితాన్నే చూడండి. బాండ్ పేపర్ మనం ఎప్పుడు రాయించుకుంటాం? అప్పు ఇచ్చినప్పుడు, అదీ మాట మీద పూర్తి గురి లేనప్పుడు. ఓటరు అప్పు ఇచ్చినవాడి స్థానంలో కూర్చున్నాడన్నమాట.

ఉపాధి హామీ పథకం సామాజిక తనిఖీల్లోనూ జనం అలాగే లెక్క అడుగుతారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2006లో మొదలైన ఆ పద్ధతిలో, మస్టర్ రోల్‌లోని పేర్లను ఊరి ముందే చదువుతారు. చనిపోయినవాళ్ల పేరు మీద కూలి పడితే అక్కడే ఎవరో లేచి అడుగుతారు. అడగనిచ్చే చోటు ఉండడమే జనానికి కొంత ధైర్యం.

అవ్వ దెబ్బకు నా ప్రశ్న మార్చుకున్నాను. నమ్ముతారా అని అడగడం మానేశాను. "ఆఫీసుల పని పడితే ఒక్కరే పోతరా, ఎవరినన్న ఎంబడి తీస్కపోతరా?" అంటున్నాను. మళ్లీ ఆమె దగ్గరికే పోయి అడిగాను. "ఒక్కదాన్ని పోతే ఎవలు పట్టించుకుంటరు బిడ్డా, మా మరిదిని తీస్కపోత" అన్నది.

"మరి ఓటుకు?"

"దానికి తోడెందుకు?"

ఆ జవాబుకు నా కాగితంలో గడి లేదు. అంచున పెన్సిలుతో రాసుకున్నాను.