లైమ్‌లైట్ అంటే సున్నపు వెలుగు



పత్రిక తెరిస్తే చాలు, ఫలానా నటి లైమ్‌లైట్‌లోకి వచ్చిందనో, ఫలానా నాయకుడు లైమ్‌లైట్‌కి దూరమయ్యాడనో కనిపిస్తుంది. లైమ్ అంటే నిమ్మకాయ కదా, దానికీ దీపానికీ ఏం సంబంధమని మా పక్కింటావిడ అడిగింది. అడగవలసిన ప్రశ్నే! ఇంగ్లీషులో ఆ మాటకు సున్నం అనే అర్థం కూడా ఉంది. ఇది ఆ సున్నం. పండగకు వెల్ల వేయడానికి తెచ్చి నీళ్ళు పోస్తే కుతకుతా ఉడుకుతుందే, అదే.

ఆ సున్నపు దిమ్మెను ఆక్సిజన్, హైడ్రోజన్ కలిసిన మంటలో పెడితే 2,500 డిగ్రీల వేడికి కూడా కరగదు. కళ్ళు చెదిరేటంత తెల్లగా వెలుగుతుంది. 1837లో లండన్‌లోని కోవెంట్ గార్డెన్ నాటకశాలలో ఈ దీపం వెలిగించారు. దీపం ముందు భూతద్దం వంటిది అమర్చి, వెలుగునంతా ఒక్క ధారగా చేసి ముఖ్యపాత్ర మీదికి తిప్పేవారు. మిగిలినవాళ్ళు మసక వెలుతురులోనే. తరువాత కరెంటు వచ్చింది, సున్నం పోయింది, మాట మిగిలింది. చార్లీ చాప్లిన్ 1952లో తీసిన సినిమాకు ఇదే పేరు.

మనకూ ఇటువంటి ఉపాయం లేకపోలేదు. కూచిపూడి భాగవతులు పాత్ర ప్రవేశించే సమయానికి కాగడా మీద గుగ్గిలం పొడి చల్లేవారు. మంట భగ్గుమని లేచేది, చూపులన్నీ అటే!

ఇక వాడుక. లైమ్‌లైట్‌లో ఉండడమంటే పదిమంది దృష్టిలో ఉండడం. అది పొగడ్తా కాదు, నిందా కాదు. మన ఓరుగల్లు బిడ్డ నేరెళ్ల వేణుమాధవ్ గారు 1971లో ఐక్యరాజ్యసమితిలో మిమిక్రీ చేసినప్పుడూ ఆ మాట అనవచ్చు, లంచంతో పట్టుబడ్డ అధికారినీ అనవచ్చు. స్పాట్‌లైట్ దీనికి చెల్లెలు. ఊళ్ళో నీళ్ళ ఇబ్బంది వంటి సమస్య మీద వెలుగు వేయాలంటే స్పాట్‌లైట్ అనే అనాలి, లైమ్‌లైట్ అంత నప్పదు.

ఈ మధ్య మా వీధి పిల్ల ఒకతె ఖోఖోలో గెలిచింది, పేపర్లో ఫోటో పడింది. "ఆడపిల్లకు ఈ లైమ్‌లైట్ ఎందుకు వదినా? రేపు సంబంధాలు చూడొద్దా?" అని తల్లికి బెంగ. ఆట మాన్పించేదాకా వచ్చింది. నేనన్నాను, "వదినా, ఆ దీపం నటి చేతిలో ఉండేది కాదు. పైన ఒక మనిషి కూర్చుని, సున్నపు దిమ్మెను కొద్దికొద్దిగా తిప్పుకుంటూ, గ్యాసు చూసుకుంటూ, ఆమె వెంట వెలుగును నడిపేవాడు. మీ పిల్ల పరుగెత్తింది, అంతే. వెలుగు తిప్పింది పేపరువాళ్ళు. రేపు ఇంకొకరి మీదికి తిప్పుతారు. తెల్లవారుజామున చీకట్లో గ్రౌండుకు పోయిన రోజుల్లో లేని బెంగ ఇప్పుడెందుకు?"

ఆవిడ ఔననలేదు, కాదనలేదు. పిల్ల మాత్రం ఇంకా ఆడుతూనే ఉంది.