రెండో చరణం



ఈ సభ ఎవరి పేరున జరుగుతోందో నా వెనక బ్యానరు మీద ఉంది. ఆ పేరు పెట్టి ఆయన్ని పిలిచినవాళ్లు ఈ హాల్లో నలుగురుంటే ఎక్కువ. ఇందాక గుమ్మం దగ్గర ఒకాయన బ్యానరు చూసి "ఈయనెవరండీ?" అని నన్నే అడిగారు. చెప్పగానే "ఓరి, మన క్యాసెట్ల బాబాయా!" అంటూ వెళ్లి ముందు వరుసలో కూర్చున్నారు. అందుకని నేనూ బాబాయి అనే అంటాను. వాళ్లబ్బాయి దగ్గర అనుమతి తీసుకున్నాను.

స్మారకోపన్యాసాలు మామూలుగా పండితుల పేరున, దాతల పేరున జరుగుతాయి. బాబాయి పాట రాయలేదు, కట్టలేదు, పాడలేదు. ఒకసారి పాడబోతే షాపు ముందు టీ తాగుతున్నవాళ్లు గ్లాసులు పెట్టేసి లేచారని మా నాన్న చెప్పేవారు. ఆయన చేసిందల్లా 1990ల చివర విజయవాడలోని ఈ భవానీపురానికి పాటలు అందించడం. చట్టం దృష్టిలో అది తప్పే. కంపెనీ పాటని డబ్బు తీసుకుని ఇంకో క్యాసెట్లోకి ఎక్కించడం అప్పుడూ నేరమే, ఇప్పుడూ నేరమే. ఆ సంగతి దాచి ఆయన్ని పొగిడితే ముందు నవ్వేది ఆయనే. ఆదిత్య, సుప్రీం, లహరి కంపెనీల క్యాసెట్లు అద్దాల బీరువాలో వరసగా ఉండేవి. అవి పెళ్లికూతురి పక్కన కూర్చున్న తోడపెళ్లికూతుళ్లు. అసలు వ్యాపారం లోపల డబుల్ డెక్కు మీద నడిచేది.

ఆ పద్ధతి తెలియని పిల్లలు కొందరు వచ్చారు కాబట్టి చెబుతాను. ఒక తెల్లకాగితం మీద కావలసిన పాటలు వరసగా రాసి ఇవ్వాలి. ఎ వైపు ఇవి, బి వైపు ఇవి. ఖాళీ క్యాసెట్ మనదైతే ఒక రేటు, ఆయనదైతే ఒక రేటు. రెండు రోజులు ఆగాలి. ఆయన ముందు అగ్గిపుల్లకి దూది చుట్టి, స్పిరిట్‌లో ముంచి టేపు హెడ్డు తుడిచేవారు. ఆ దూది గోధుమరంగుకి తిరిగితే మనకి చూపించి, "ఇదంతా నీ ముందు వాడి పాటల మడ్డి" అనేవారు. ఎక్కించడం అయ్యాక క్యాసెట్ నెత్తిన ఉన్న రెండు ప్లాస్టిక్ చెవుల్నీ స్క్రూడ్రైవరుతో టక్కున విరిచేవారు, పొరపాటున చెరిగిపోకుండా. మనసు మారి పాటలు మార్చుకోవాలంటే ఆ కన్నాల మీద సెల్లోటేపు అంటించాలి. నా దగ్గర ఇప్పటికీ అలా మూడుసార్లు మనసు మార్చుకున్న క్యాసెట్లున్నాయి.

క్యాసెట్‌లో టేపు సెకనుకు 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది. అరవై నిమిషాల క్యాసెట్లో ఒక్కో వైపు ముప్పై నిమిషాలు. లెక్కేస్తే టేపు పొడవు సుమారు 86 మీటర్లు. మన ప్రకాశం బ్యారేజీ 1223.5 మీటర్లు. అంటే పద్నాలుగు క్యాసెట్ల టేపు విప్పి పరిస్తే సీతానగరం వైపు ఒడ్డు దాదాపుగా అందుతుంది. ఈ లెక్క నాది కాదు, బాబాయిది. వేసవి మధ్యాహ్నాలు బేరాలుండేవి కావు.

అప్పట్లో సినిమాకి ఐదారు పాటలు, పాట ఐదు నిమిషాలు. కాబట్టి ఒక సినిమా ఒక వైపు దాదాపు పట్టేది. మా తరానికి సినిమాలు జంటలుగా గుర్తుండడానికి కారణం అదే. 1998 జూలైలో తొలిప్రేమ, ఆగస్టులో చూడాలని వుంది వచ్చాయి. ఒకదానికి దేవా, ఇంకోదానికి మణిశర్మ. ఆ రెండింటికీ సంబంధమే లేదు. నాకు మాత్రం తొలిప్రేమ ఆఖరి పాట అయిపోగానే చెవి క్యాసెట్ తిప్పిన చప్పుడు కోసం చూస్తుంది.

ఇందాక దాదాపు పట్టేదన్నాను. నేను చెప్పదలుచుకున్నది ఆ దాదాపు గురించే.

ముప్పై నిమిషాలకి కాస్త అటూ ఇటూగా టేపు అయిపోతుంది. పాటకి ఆ సంగతి తెలియదు. అందుకని ప్రతి వైపూ చివరి పాట ఎక్కడో ఒకచోట తెగేది. పల్లవి దాటేది, మొదటి చరణం దాటేది, మధ్యలో మ్యూజిక్కు కూడా దాటేది. రెండో చరణంలో నాలుగు మాటలు పడేసరికి 'టక్'. బటన్ పైకి లేచేది. టేపు తెగకపోయినా ఇంకొకరు తెంచేవారు. శుక్రవారం టీవీలో వచ్చే చిత్రలహరిలో చాలా పాటలు ఒక చరణంతో సరి. టీకొట్టు దగ్గర విందామంటే సరిగ్గా రెండో చరణానికి బస్సొచ్చేది. కొంచెం పెద్దమాట అనిపించినా అనేస్తాను. ఆ రోజుల్లో మనందరికీ పల్లవులు వచ్చు, మొదటి చరణాలు సగం వచ్చు. రెండో చరణం వచ్చినవాడు ఆ పాటని డబ్బు పెట్టి కొన్నవాడైనా అయ్యుండాలి, ప్రేమలో పడ్డవాడైనా అయ్యుండాలి.

ఆ రెండో చరణమే తెలుగు సినిమా పాటలో కవి సొంతిల్లని నా అభిప్రాయం.

పల్లవి కవి ఒక్కడిది కాదు. వరస ముందే కట్టేసి ఉంటుంది. దాన్ని 'తననా' అని పాడి పంపుతారు. ఆ తననాలో ఇమిడే మాట కోసం దర్శకుడు, నిర్మాత, ఒక్కోసారి హీరో కూడా కూర్చుంటారు. జనం నోట పడాలి, సినిమా పేరు వస్తే ఇంకా మంచిది. మొదటి చరణం పల్లవిలో చెప్పినదాన్ని సర్దుకోవడానికి సరిపోతుంది. రెండో చరణం దగ్గరికి వచ్చేసరికి కూర్చున్నవాళ్లంతా భోజనాలకి లేచిపోతారు. అప్పుడు కవి తనకి కావలసిందేదో ఒకటి రాసుకుంటాడు. ఇది నా ఊహే. నిన్నే పెళ్లాడతాలో గానీ సింధూరంలో గానీ సిరివెన్నెల పాటలు చివరిదాకా విన్నవాళ్లు ఇది ఒట్టి ఊహని కొట్టిపారేయలేరు.

ఆ ఊహకి మూలం ఇంటర్ రోజుల్లో తెగిన ఒక పాట. నేను ఇంటర్ చదివిన కాలేజీ పేరు చెప్పను. ఇల్లు భవానీపురంలో ఉంచుకుని కూడా నన్ను హాస్టల్లో వేశారు. అప్పటి విజయవాడ ఇంటర్ కాలేజీల గాలి అలాంటిది. టేపు రికార్డరు దొరికితే వార్డెన్ పట్టుకుపోయేవారు. గోడ అవతల ఒక పంక్చర్ షాపు, దానికో స్పీకరు. స్టడీ అవర్లో కిటికీలు మూయించేవారు, ఉక్కపోతకి మళ్లీ తెరిచేవాళ్లం, ఆ సందులో పాట దూరేది. 1999లో తమ్ముడు వచ్చినప్పుడు రమణ గోగుల పాడిన ఆ ఇంగ్లీషు పాట మాటల్ని మా గదిలో ఆరుగురం తలా ఒక లైను పట్టుకుని ఫిజిక్స్ నోట్సు వెనక రాసుకున్నాం. అందులో సగం తప్పులు. ఇప్పటికీ నాకు ఆ తప్పులే వచ్చు.

ఆదివారం ఔటింగులో నేను తిన్నగా బాబాయి దగ్గరికి వెళ్లేవాణ్ని. చూడాలని వుంది చీటీ ఇచ్చిన రోజు బాగా గుర్తుంది. అందులో హీరో కలకత్తా నగరాన్ని పొగిడే పాట ఉంది చూడండి, హరిహరన్ పాడింది, దాన్ని అన్నిటికన్నా చివర రాశాను. మంచి ముక్క చివర తినాలని. బాబాయి చీటీ చూసి, "చివర పెట్టకు అబ్బాయ్, తెగుద్ది" అన్నారు. "పర్లేదు, అదే చివర కావాలి" అన్నాను. ఆయన ఇంకేం మాట్లాడలేదు. ఒక నల్ల అట్ట పుస్తకంలో ఏదో రాసుకున్నారు.

తెగింది. రెండో చరణం మొదట్లో, బెంగాలీ అమ్మాయి, తెలుగువాళ్ల కోడలు అన్న అర్థం వచ్చేదాకా వచ్చి, ఆ కోడలి పేరు పడకముందే 'టక్'. ఇది కథానాయిక సంగతి కాబోలనుకున్నాను. అలా ఆరేడేళ్లు అనుకున్నాను. టీవీలో సినిమా వేసినప్పుడల్లా చిరంజీవిని చూశానేగాని మాటలు వినలేదు. డిగ్రీ అయి, ఉద్యోగానికి తిరుగుతున్న రోజుల్లో రాత్రి బస్సులో ఆ పాట మొత్తం విన్నాను. ఆ కోడలు సరోజినీ నాయుడు! బెంగాలీ తల్లిదండ్రులకి 1879లో హైదరాబాదులో పుట్టి, 1898లో గోవిందరాజులు నాయుడుగారిని పెళ్లాడిన కవయిత్రి. ఆ పెళ్లికి సరిగ్గా నూరేళ్లు నిండిన ఏడాది వచ్చింది ఈ పాట. పాట రాసిన వేటూరిగారు ఆ లెక్క చూసుకుని రాశారని నేను అనను. కలకత్తాని పొగడమంటే మొదటి చరణంలో నేతాజీనీ రవీంద్రుడినీ ఎవరైనా తెస్తారు. అది దండం పెట్టి లోపలికి రావడం. రెండో చరణంలో ఆయన "ఇది మా వియ్యాలవారి ఊరే" అని కాలు మీద కాలేసుకుని కూర్చున్నారు.

వేటూరిగారు పుట్టిన పెదకళ్లేపల్లి ఈ కృష్ణ దిగువనే, మోపిదేవి పక్కన. వరస కట్టిన మణిశర్మ బందరువారు. పల్లవిలోనే తలుచుకున్న త్యాగయ్య తిరువయ్యారులో ఉండి తెలుగులో పాడినవాడు. హుగ్లీ ఒడ్డు మీద జరిగే పాటలో ఇంతమంది మనవాళ్లు. పాట తెగకుండా ఉంటే ఇదంతా నాకు ఇంటర్‌లోనే తెలిసేది. అంత బాగా మాత్రం గుర్తుండేది కాదేమో.

పల్లవి, చరణాలు అన్న కట్టడం సినిమావాళ్లు కనిపెట్టింది కాదు. అన్నమయ్య సంకీర్తనల్లో ఎక్కువ భాగం పల్లవి, మూడు చరణాలు. వేంకటేశ్వర ముద్ర మూడోదాంట్లో పడుతుంది. అంటే ఎవరికి పాడుతున్నాడో ఒక్కోసారి చివరికి గాని తేలదు. 1997లో అన్నమయ్య సినిమా వచ్చి, కీరవాణికి జాతీయ అవార్డు తెచ్చిపెట్టిన ఆ పాటలు ఈ పేటలో ప్రతి ఇంట్లో మోగాయి. బాబాయి ఆ క్యాసెట్ మాత్రం చీటీల మీద ఎక్కించేవారు కాదు. "దేవుడి పాట తెగితే నాకు చుట్టుకుంటుంది, కంపెనీది కొనుక్కో" అనేవారు. ఆయనకున్న ఒకే ఒక్క కాపీరైటు నియమం అది.

పాటని యంత్రం కోయడమూ కొత్త కాదు. ఘంటసాలగారి తొలినాళ్ల రికార్డులు ఒక వైపు మూడు నిమిషాల చిల్లర పట్టేవి. పాట అందులో ఒదిగేది, లేకపోతే రెండో వైపుకి తిరిగేది. ఇప్పుడు చాలా పాటలకి ఒకే చరణం, ఫోనులో తిరిగేది ముప్పై సెకన్లు. కాబట్టి మా కాలమే గొప్పదని నేను ఏడవబోవడం లేదు. మా కాలంలో చాలా రెండో చరణాలు హీరో చొక్కా మార్చుకోవడానికి, నేపథ్యంలో మంచుకొండ మారడానికి పుట్టినవి. ప్రాస కోసం చచ్చిన మాటలు వాటిలో కుప్పలుగా ఉన్నాయి. అలాంటివాటిని టేపు మింగితే భాషకి మేలే జరిగింది. చూడాలని వుందిలోనే ఉదిత్ నారాయణ్ పాడిన పాటలో తెలుగు ఎంత, తెలుగు కానిది ఎంత అని మా తెలుగు మాస్టారు వారం రోజులు బాధపడ్డారు. ఆ వారమంతా బాబాయి దగ్గర చీటీల్లో ఆ పాటే మొదటిది.

ఎక్కువ చీటీలు లారీ డ్రైవర్లవి. హైవే పక్క పేట కదా మనది. ఆటోనగర్‌లో కొత్త బాడీ కట్టించిన లారీకి రెండు స్పీకర్లు పెట్టించి, అటునుంచి అటు బాబాయి దగ్గరికి వచ్చేవారు. వాళ్లు పాటల పేర్లు రాసేవారు కాదు. "హైదరాబాదుకి" అనేవారు, అంతే. ఆయన దారిని బట్టి పాటలు కూర్చేవారు. నందిగామ దాకా కుటుంబం పాటలు, ఎస్.ఎ. రాజ్‌కుమార్ లాలలలు. కోదాడ దాకా ప్రేమ. సూర్యాపేట దాటాక నిద్ర ముంచుకొచ్చే వేళకి ఒసేయ్ రాములమ్మ, వందేమాతరం శ్రీనివాస్ గొంతు, డప్పు. తొంభై నిమిషాల క్యాసెట్ వాళ్లకి ఇచ్చేవారు కాదు. అందులో టేపు పల్చన, డ్యాష్‌బోర్డు వేడికి సాగి చుట్టుకుపోతుంది. పాట తెగినా లారీవాళ్లు ఏమీ అనుకునేవారు కాదు. చౌటుప్పల్ దగ్గర ఏది తెగితే ఏం!

'పాడుతా తీయగా'కి వెళ్లాలని కలలుగనే పిల్లల సంగతి వేరు. 1996లో ఈటీవీలో బాలుగారు అది మొదలుపెట్టాక ప్రతి వీధిలో ఒక హార్మోనియం లేచింది. ఆ వేదిక ఎక్కిన విజయవాడ అమ్మాయి స్మిత తర్వాత పాప్ ఆల్బమ్‌తో పేరు తెచ్చుకున్నాక ఇంకా లేచాయి. అలాంటి పిల్లలకి బాబాయి ఒక్కో వైపు రెండే పాటలు ఎక్కించి మిగతాది ఖాళీ వదిలేవారు. "వీళ్లకి తెగకూడదు" అనేవారు. డబ్బులు మాత్రం పూర్తి క్యాసెట్‌కి తీసుకునేవారు, అందులో మొహమాటం లేదు.

తర్వాత ఎంపీత్రీ సీడీలు వచ్చాయి. ఒక్క సీడీలో నూటికి పైగా పాటలు, ఏదీ తెగదు. రెండేళ్లలో షాపు సెల్‌ఫోన్ రీఛార్జుల కొట్టయింది.

పోయిన నెల వాళ్లబ్బాయి అటక దులుపుతూ ఒక నల్ల అట్ట పుస్తకం తెచ్చి నాకిచ్చారు. అప్పుడు చీటీ చూసి ఆయన రాసుకున్నది ఏమిటో ఇరవై ఏడేళ్ల తర్వాత చదివాను. నా పేరు, '60, బి', దాని పక్కన 'ఆఖరిది సగం. ఒక చరణం బాకీ.' ముందు రేటు వేసి, కొట్టేసి, రెండు రూపాయలు తగ్గించి వేశారు. రెండు రూపాయలు తగ్గించారని నాకప్పుడు తెలియదు.

అలాంటి బాకీలు ఆ పుస్తకంలో పేజీ పేజీకి ఉన్నాయి. ఎదురుగా కూర్చున్న మీలో చాలామంది పేర్లు నాకు అందులో కనిపించాయి, ఒకరిద్దరివి ఇంటిపేర్లతో సహా. పుస్తకం ఆ పక్క బల్ల మీద పెట్టాం. డెక్కు కూడా పనిచేస్తోంది, వాళ్లబ్బాయి హెడ్డు తుడిచి ఉంచారు. ఎవరి చరణం వాళ్లు చూసుకోవచ్చు. కాగితాలు మాత్రం మెల్లగా తిప్పండి, కుట్టు ఊడుతోంది.