గుట్ట పోరంబోకు



ఈ ఉపన్యాసం ఎవరి జ్ఞాపకార్థమో ఆ అయ్యవారు ఊరి పటం గీయించేటప్పుడు పిల్లల చేత ముందు గుట్టల పేర్లే రాయించేవారట. ఊరి పేరు ఎంత దూరం వెళ్ళగలదో చూడండి: రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు 1893లో పుట్టిన రాళ్ళపల్లి ఈ కంబదూరు మండలంలోదే. ఆ ఊరి పేరు ఇంటిపేరై మైసూరు దాకా, తిరుపతి దాకా వెళ్ళింది. గుట్టల పేర్లకు అంత అదృష్టం లేదు.

కారణం శిస్తు. 1800లో నిజాం ఈ సీమను ఈస్టిండియా కుంపిణీకి వదిలాక, కలెక్టరు తామస్ మన్రో పొలాలన్నీ కొలిపించాడు. శిస్తు కట్టే నేలకు నంబరు, రైతు పేరు, తరం అన్నీ రికార్డుకెక్కాయి. శిస్తు రాని కొండను లెక్కల్లో ‘గుట్ట పోరంబోకు’ అన్నారు. నాలుగు గుట్టలుంటే నాలుగింటికీ అదే పేరు. అసలు పేర్లు కరణాల నోట్లో ఉండేవి. హద్దు తగువొస్తే ఆ మాటే సాక్ష్యం. 1984లో కరణీకాలు రద్దయ్యాయి. ఆ పని మంచిదా చెడ్డదా అన్నది వేరే సంగతి, ఆ నోటిలెక్కను మాత్రం ఎవరూ అప్పగించుకోలేదు.

సర్వే ఆఫ్ ఇండియా 57 ఎఫ్ షీటులో మన ప్రాంతం కొండలకు కొన్నిటికి పేర్లున్నాయి, ఇంగ్లీషు లిపిలో. ఆ లిపిలో ద, డ ఒకటే. ల, ళ ఒకటే. దుర్గం ‘డ్రగ్’ అయింది, గుత్తి ‘గూటీ’ అయింది. కడప స్పెల్లింగును సర్కారు 2005లో సరిచేసింది. గుట్టకు అంత పలుకుబడి ఎక్కడిది? రేపు ఎవరైనా బోడిగుట్టను పటంలో చూసి బోధిగుట్ట అని చదివి, బౌద్ధ భిక్షువులను ఎక్కించినా కాదనడానికి కాగితం ఉండదు.

కాగితం ఉంటే ఏమవుతుందో హేమావతి చెబుతుంది. నొళంబుల రాజధాని అది. శాసనాల్లో పెంజేరు, హెంజేరు. ఆ రాళ్ళే లేకపోతే ‘హేమం’ అనే మాట పట్టుకుని బంగారు కథలు అల్లుకునేవాళ్ళం. కంబదూరులో కన్నడ ‘కంబ’ (స్తంభం) వినిపించగానే సంబరపడేవాళ్ళకూ నా మనవి ఇదే: ముందు పాత రూపం వెతకండి, తర్వాత అర్థం.

కథలు వద్దని కాదు. కల్నల్ మెకంజీ కోసం కావలి సోదరులు, వాళ్ళ మనుషులు ఊరూరా సేకరించిన ఊరి చరిత్రల్లో, అంటే కైఫీయతుల్లో, నమ్మశక్యం కానివెన్నో ఉన్నాయి. వాటిని ఉంచారు కాబట్టే జనం తమ ఊరిని గురించి ఏమనుకున్నారో తెలిసింది. ఊళ్ళ పేర్లకు కేతు విశ్వనాథరెడ్డిగారు కడప జిల్లాలో శాస్త్రీయంగా దారి వేశారు. గుట్టలకూ అలాంటి పని కావాలి.

దానికి మొదటి పండితులు గొర్రెలు తోలే కురుబవాళ్ళు. పావగడ వైపు కన్నడంలో బెట్ట అనేదాన్ని ఇటు గుట్ట అంటాం. వాళ్ళకు రెండూ తెలుసు. గుట్టల పేర్లకు ఒక రిజిస్టరు పెట్టి అందులో రెండు పేర్లూ రాయాలి, ఒకటి కొట్టేయకూడదు. ఎవరు చెప్పారు, ఏ ఊరివారు, ఏ తేదీన అన్నది పక్కన ఉండాలి. పలికింది పలికినట్టు తెలుగు అక్షరాల్లో రాసి, గొంతు కూడా ఫోనులో పట్టాలి. వ్యుత్పత్తికి వేరే గడి. అది ఖాళీగా ఉన్నా నామోషీ లేదు.

రామగిరి కొండలమీద గాలిమరలు 1990లలోనే లేచాయి. మర వచ్చిన శిఖరానికి నంబరు వస్తుంది, అందరూ దానితోనే పిలుస్తారు. అందుకే ఈ రిజిస్టరును గ్రామసభలో చదివి, తప్పులు దిద్ది, తీర్మానం చేసి ఒక నకలు తహసీల్దారు ఆఫీసుకు పంపాలని కోరుతున్నాను. పంచాయతీ కార్యదర్శులు సభలోనే ఉన్నారు. వచ్చే గ్రామసభ అజెండాలో ఈ అంశం చేర్చండి.