కాశీమజిలీల వెంట
(రజతోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



ఇరువదియైదేండ్లు నిండిన మన గ్రంథాలయమును గూర్చి పెద్దలు ముచ్చటించిరి. 1883లో కర్నూలున జన్మించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు గ్రంథాలయోద్యమమునకు చేసిన సేవను స్మరించిరి. నేను చెప్పదలచినది చిన్న సంగతి. మాయలు, మంత్రములు గల పెద్ద కథాగ్రంథమున మనస్సు చిక్కుకొనుట మంచిదా, చెడ్డదా యని.

నా బాల్యమున మా యూర గ్రంథాలయము లేదు. ఉపాధ్యాయు లొకరి యింట మధిర సుబ్బన్న దీక్షితకవిగారి కాశీమజిలీ కథలు, 12 భాగములును, ఉండెడివి. మణిసిద్ధుడను యతి కాశికి పోవుచు పశువుల కాపరి బాలు నొకనిని తోడు పిలిచెను. త్రోవలో తాను చూచిన వింతలకు కథ చెప్పినగాని రానని వాడు పట్టుబట్టెను. అందుచే మజిలీ కొక కథ, కథలో మఱియొక కథ. 1951లో వచ్చిన పాతాళభైరవి చలనచిత్రమునకు ప్రేరణ యీ కథలలోనిదే.

చీకటి పడగనే రచ్చకట్టమీద లాంతరు పెట్టి నేను చదువుచుండగా, అక్షరము రానివారు చుట్టును చేరి వినెడివారు. రాజకుమారుడు అడవిలో దారి తప్పిన రాత్రి ఒక అవ్వ కొంగుతో కన్నులొత్తుకొనెను. గొఱ్ఱెలు కాచు వృద్ధు డొకడు, "ఆ పిల్లోనికి ఈపొద్దు అన్నమెవరు పెట్టినారో చూడు నాయనా" అనెను. నేను నవ్వితిని.

ఆ యేడు వానలు లేవు. కథ నడుమ నుండగనే ఆ వృద్ధుడు బిడ్డలతో సుగ్గికి పోవలసి వచ్చెను. పోవుచు, "నేనొచ్చేదాకా కత ఆడనే నిలుపు నాయనా" అని నాచేత మాట తీసికొనెను. మూడు దినములు ఆగితిని. నాలుగవ రాత్రి ఒంటరిగా దీపము ముందు కూర్చుండి, తెల్లవారు లోపల ఆ భాగమంతయు ముగించితిని. పిమ్మట ఉపాధ్యాయులకు వేఱూరికి బదిలీ కాగా, పుస్తకములును వారితో పోయినవి.

సుగ్గినుండి వచ్చిన వృద్ధుడు మూట దించకయే కథ యడిగెను. నాకు గుర్తున్నంత చెప్పితిని. అంతయు విని, "ఇది నువ్వు చెప్పే కతరా, పుస్తకంలో కత కాదు. ఆ పిల్లోనికి అన్నమెవరు పెట్టినారో చెప్పకపోతివి" అనెను. నావద్ద సమాధానము లేదు. తుద చూడవలెనను తొందరలో నేను ఆ సంగతి గమనింపనే లేదు.

ఇవన్నియు కల్లలు, కాలము వ్యర్థమని పెద్దలు కొంద ఱనుచుందురు. 1954లో తోకచుక్కతో మొదలైన దాసరి సుబ్రహ్మణ్యంగారి చందమామ ధారావాహికలకై నెలనెల కనిపెట్టుకొనిన మా తరమును గూర్చియు అట్లే యనిరి. కాని కరవు కాలమున తనకే అన్నము కఱవైనవాడు, లేని రాజకుమారుని యాకలిని తలచెను గదా! అది కల్ల కాదు. కథలో మునుగుట దోషము కాదు. తోటివారిని వెనుక విడిచి ఒంటరిగా తుదకు పరుగెత్తుట నా దోషము. కాలినడకన మంత్రాలయము వచ్చు యాత్రికులను చూచు మనకు ఈ మాట వేఱుగ చెప్పనక్కఱలేదు. తోడున్నవాని యడుగును బట్టియే మజిలీ సాగును.

కావున ఈ రజతోత్సవమున మీకు రెండు మనవులు. బహుభాగ గ్రంథములలో ఏ భాగమైన మీ యింట నిలిచియున్నచో దయచేసి తెచ్చి యిండు. నడిమి భాగము లేనిచో తక్కినవి యుండియు ప్రయోజనము కొంచెమే. వారమున కొక సాయంకాలము చదువు వచ్చినవారు చదువ, రానివారు వినునట్లు ఏర్పాటు చేయుడు. ఎవరైన సుగ్గికి పోయినచో పుటలో గుర్తుంచి, వారు వచ్చినదాక ఆగుడు.

ఆ వృద్ధుడు నేడు లేడు. ఆయన ప్రశ్నకు జవాబు వెదకుటకై నేనా భాగమును మఱల మొదటినుండి, ఈసారి మెల్లగా, చదువుచున్నాను.