గురువు దొరకని చదువరికి అంతర్జాలపు నిఘంటువులు, గ్రంథ భాండారములు



ప్రాచీన కావ్యమును గురుముఖమున చదువుకొను భాగ్యము పల్లెలలో అందరికిని లభించునది కాదు. సేద్యము చేసికొనుచో, దుకాణము నడుపుకొనుచో, తీరిక చిక్కినపుడు భారతమో మనుచరిత్రమో చేతబట్టువాడు నాలుగవ పద్యమునందే ఒక మాట యొద్ద ఆగిపోవును. దానికి అర్థము చెప్పువారు ఊరిలో నుండరు. శబ్దరత్నాకరము పట్టణపు గ్రంథాలయమున నుండును. సూర్యరాయాంధ్ర నిఘంటువన్ననో, అనేక సంపుటముల గ్రంథము, పల్లెటూరి బీరువాకు ఎక్కునది కాదు. ఇట్లు నడుమనే మూతపడిన పుస్తకములకు లెక్క లేదు. చదువుపై ఆసక్తి లేక కాదు, ప్రక్కన నిఘంటువు లేక.

ఆ కొరత ఇప్పుడు చాలవరకు తీరినది. అంతర్జాలమున ‘ఆంధ్రభారతి’ యను స్థానము కలదు. అందొక మాటను తెలుగు లిపిలో వ్రాసి వెదకినచో, బహుజనపల్లి సీతారామాచార్యులవారి శబ్దరత్నాకరమును, బ్రౌను దొర నిఘంటువును, సూర్యరాయాంధ్రమును, మరికొన్నింటిని ఒక్కమారుగా తిరుగవేసి, వాని యర్థములను వరుసగా కన్నులయెదుట నుంచును. రుసుము లేదు, చేతిలోని ఫోనే చాలును. బ్రౌను ఇంగ్లీషున చెప్పిన యర్థమును, పండితులు తెలుగున చెప్పిన యర్థమును సరిచూచుకొనుటలో లాభమున్నది. ఒకరు విడిచిన ఛాయ మరియొకరి యొద్ద దొరకును.

అయితే ఇందొక మెలిక కలదు. ‘పూచెఁ గలువలు’ అని యున్నచోట ‘గలువలు’ అని వెదకినవానికి కావలసినది దొరకదు. ద్రుతముపై పరుషము సరళమైనదని యెఱిగినవాడు ‘కలువ’ అని వెదకును; ఎఱుగనివాడు నిఘంటువులోనే ఆ మాట లేదని తలచి ఫోను జేబులో వేసికొనును. ‘వాడు గొట్టె’ అన్నచోటను అంతే, వెదకవలసినది ‘కొట్టు’. పైగా ఱకారముతో నున్న మాటను రకారముతో వ్రాసి చూచి నిరాశపడువారును కలరు. నిఘంటువు అర్థము చెప్పునేకాని సంధిని విడదీసి యీయదు. కావున ముందుగా చిన్నయసూరి బాలవ్యాకరణములోని సంధి పరిచ్ఛేదమును, పోనీ బడిలోని వ్యాకరణమునైనను, ఒక నెల చదువుకొనక తప్పదు.

ఇక గ్రంథముల మాట. ఈ శతాబ్ది తొలి సంవత్సరములలో ‘డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా’ యను పేర, దేశమునందలి అనేక గ్రంథాలయముల పాత పుస్తకములను పుటపుటకు ఛాయాచిత్రములు తీసి అంతర్జాలమున నుంచిరి. తెలుగు పుస్తకములే వేలకొలది. కొన్నేండ్లకు ఆ స్థానము మూతపడినది. అమెరికాలో 1996లో స్థాపింపబడిన ‘ఇంటర్నెట్ ఆర్కైవ్’లో ఆ పుస్తకముల ప్రతులు చేరియుండుటచేతనే అవి నేటికిని లభించుచున్నవి. లేనిచో ఆ శ్రమయంతయు ఏటిపాలే. కనుక పనికివచ్చు పుస్తకము కంటబడినపుడు దానిని దించుకొని గ్రంథాలయపు కంప్యూటరునందు ఒక ప్రతి, విడిగా మరియొక ప్రతి దాచుట మంచిది. కర్త గతించిన ఏటికి తరువాత అరువది సంవత్సరములు నిండినచో ఈ దేశమున ఆ రచనపై హక్కు తీరిపోవును. 1946లో గతించిన చిలకమర్తివారి నవలలకు ఆ గడువు 2006తో ముగిసినది. గడువు తీరనివానిని మాత్రము కొనియే చదువవలయును.

ఆర్కైవున వెదకువారికి ఓర్పు వలయును. పేర్లు పెక్కు ఇంగ్లీషు అక్షరములలో, ఎక్కించినవారి యిష్టానుసారముగ నున్నవి. ‘శతకము’ ఒకచోట ఎస్ అక్షరముతోను, మరియొకచోట ఎస్ హెచ్ అక్షరములతోను మొదలగును. చివరి ‘ము’ ఒకచోట ఉండును, ఒకచోట ఉండదు. ఒక విధమున దొరకనిచో నాలుగు విధముల వ్రాసి చూడవలయును.

బడిపిల్లలకు 2017లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన ‘దీక్ష’ కలదు. దానిని ఉపాధ్యాయులే చక్కగా చూపగలరు గాన ఇచ్చట విస్తరింప నక్కరలేదు.

దస్తావేజులతో పనిపడినవారికి అసలునకును నకలునకును గల భేదము తెలియును. అంతర్జాలమునను అంతే. పుట ఛాయాచిత్రము అసలు వంటిది. ఎవరో కూర్చిన అక్షరములు నకలు. వేమనవని చెప్పుచు ఫోనులలో తిరుగు పద్యములలో ఛందస్సు చెడినవి, నిన్న మొన్న పుట్టినవి ఎన్నియో! ఈ విషయమున ‘తెలుగు వికీసోర్సు’ పద్ధతి మెచ్చదగినది. అందు పుట ఛాయ ఒకప్రక్క, కూర్చిన పాఠము మరియొకప్రక్క నుండును. తప్పు కనుగొన్నవారెవరైనను దిద్దవచ్చును. పై తరగతుల విద్యార్థి దినమున కొక్క పుట దిద్దినను, వానికి తెలుగు అబ్బును, లోకమునకు శుద్ధప్రతి దక్కును.

1935లో కొల్లూరు, పెదవడ్లపూడి గ్రామముల నడుమ కాలువపై పడవలో పుస్తకములు నడిపిరి. పుస్తకము పాఠకుని రేవునకే వచ్చినను, దానిని చేతికందించు మనిషి ఆ పడవలో నుండెను. ఈ గ్రంథాలయమునను సాయంకాలము ఒక గంట, తెలిసినవారొకరు కూర్చుండి తెలియనివారిచేత రెండు మాటలు వెదకించినచో చాలును.

మరియొక సంగతి. అన్నియు ఫోనులోనే యున్నవి గదా యని చిరిగిన పాతపుస్తకములను కిలోల లెక్కన అమ్ముటకు కొన్ని ఊళ్లవారు పూనుకొనుచున్నారు. ఛాయాచిత్రములలో పుటలు జారిపోయినవి, అంచులు తెగినవి, పురుగు తిన్న ప్రతులనుండి తీసినవి కొల్లలు. అందు మాయమైన పద్యపాదము ఈ బీరువాలోని అట్టలూడిన ప్రతియందే నిలిచియుండవచ్చును. అమ్మకమునకు ముందు ప్రతి పుస్తకమును అంతర్జాలప్రతితో పుటపుట సరిచూచి, అచ్చట లేని పుటలను చిత్రించి పంపవలయును. ఆ పని ముగియువరకు బీరువా తాళము కార్యదర్శిగారి యొద్దనే యుండుగాక.