నశించని పదార్థాలు
(పాఠశాల ప్లాటినం ఉత్సవాల విజ్ఞాన సభలో చేసిన ప్రసంగ పాఠం)



స్విట్జర్లాండు దేశంలోని బాసెల్ నగరంలో గైగీ అనే రంగుల కంపెనీ ఉండేది. పాల్ హెర్మన్ ముల్లర్ అనే యువ రసాయనవేత్త 1925లో అక్కడ ఉద్యోగంలో చేరారు. మొక్కల నుండి తీసే రంగుల మీద, తోళ్లను పదునుచేసే ద్రవ్యాల మీద పదేళ్లు పనిచేసిన తరువాత, 1935లో ఆయన దృష్టి పంటలను తినే పురుగుల వైపు మళ్లింది. మంచి కీటకనాశని ఎలా ఉండాలన్న విషయంలో ఆయనకు స్పష్టమైన అభిప్రాయం ఉండేది. దానికి ఏడు లక్షణాలు ఉండాలని ఆయన లెక్కవేసుకున్నారు. అది కీటకాలకు తీవ్ర విషం కావాలి. వెంటనే పనిచేయాలి. పశువులకు, మనుషులకు, మొక్కలకు హాని చేయరాదు. ఘాటైన వాసన ఉండరాదు. అనేక జాతుల కీటకాల మీద పనిచేయాలి. చాలాకాలం చెక్కుచెదరక నిలవాలి. చౌకగా దొరకాలి.

వందలాది పదార్థాలు పరీక్షకు నిలవలేదు. 1939 సెప్టెంబరులో ఆయన ఒక గాజు పంజరంలో ఈగలను వదిలి, మరొక పదార్థాన్ని పరీక్షించారు. ఈగలు వణికి, కాళ్లు చచ్చుబడి నేలరాలాయి. విశేషం అక్కడితో ఆగలేదు. పంజరాన్ని శుభ్రంగా కడిగి కొత్త ఈగలను వదిలినా, గోడను తాకినంతనే అవీ పడిపోయాయి. చివరకు పంజరాన్ని విడదీసి, కడిగి, దాదాపు ఒక నెల ఆరుబయట ఉంచితే తప్ప తదుపరి ప్రయోగాలకు అది పనికిరాలేదు. ఈ సంగతిని ముల్లరే తమ నోబెల్ ఉపన్యాసంలో చెప్పారు. ఆయన కోరిన ఏడు లక్షణాలలో ‘వెంటనే పనిచేయడం’ ఒక్కటి మినహా మిగిలినవన్నీ ఆ పదార్థంలో ఉన్నాయని ఆనాడు తోచింది. అదే డి.డి.టి.

పేటెంటు విషయంలో ఇక్కడ ఒక చిత్రం ఉంది. డి.డి.టి. కొత్త పదార్థం కాదు. 1874లోనే ఓట్‌మార్ జైడ్లర్ అనే విద్యార్థి దానిని తయారుచేసి, వివరాలు ప్రకటించి, మరచిపోయాడు. ముల్లర్ కనుగొన్నది దాని ఉపయోగాన్ని. 1940లో స్విస్ పేటెంటు లభించింది ఆ ఉపయోగానికే. ఒక వస్తువు కళ్లెదుట 65 ఏళ్లు పడి ఉన్నా, దానిని ఏమి అడగాలో తెలిసినవాడు వచ్చేదాకా అది మౌనంగానే ఉండిపోయింది.

1943-44 శీతకాలంలో ఇటలీలోని నేపుల్స్ నగరంలో పేల ద్వారా వ్యాపించే టైఫస్ జ్వరం విజృంభించింది. ప్రజల దుస్తులలోకి డి.డి.టి. పొడిని చిమ్మి దానిని అరికట్టారు. వైద్యుడు కాని ముల్లర్‌కు 1948లో వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది.

అదే కాలంలో అమెరికాలోని విల్మింగ్టన్‌లో మరొక పరిశ్రమ రసాయనవేత్త దారం కోసం శ్రమిస్తున్నారు. వాలెస్ కారోథర్స్ హార్వర్డులో అధ్యాపక పదవిని వదలి 1928లో డ్యూపాంట్ కంపెనీలో చేరారు. చిన్న అణువులను గొలుసులా కలిపి, పట్టును పోలిన దారం తీయవచ్చునని ఆయన విశ్వాసం. 1930లో ఆయన సహచరుడు జూలియన్ హిల్ కరిగిన పాలియెస్టరులో గాజుకడ్డీ ముంచి పైకి లాగితే సన్నని పోగు వచ్చింది. చల్లారిన తరువాత దానిని ఇంకా సాగదీస్తే తెగకపోగా మరింత బలపడింది. చిక్కుపడి ఉన్న అణువుల గొలుసులు సాగదీసినప్పుడు ఒకే దిశలో వరుసగా సర్దుకోవడమే అందుకు కారణం. ఆ తొలి దారం వేడికి సులభంగా కరిగిపోయేది. 1935 ఫిబ్రవరి 28న నైలాన్ 6,6 చేతికి వచ్చింది.

యాభైకి పైగా పేటెంట్లలో కారోథర్స్ పేరు ఉంది. అయినా తాను సాధించినది ఏమీ లేదన్న తీవ్రమైన మనోవ్యాకులత ఆయనను విడవలేదు. 1937 ఏప్రిల్ 29న, 41వ పుట్టినరోజు గడిచిన రెండు రోజులకు, ఆయన స్వయంగా తన జీవితాన్ని ముగించుకున్నారు. నైలాన్ పేటెంటు 1938 సెప్టెంబరులో మంజూరైంది. తండ్రిని చూడని ఆయన కుమార్తె అప్పటికి పది నెలల పసిపాప.

ఇక మన దేశం మాట. 1897 ఆగస్టు 20న సికింద్రాబాదులో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని గుర్తించారు. వ్యాధి దారి తెలిసినా, దానిని మూసే సాధనం అర్ధశతాబ్దం వరకు చేతికి రాలేదు. స్వాతంత్ర్యం వచ్చిన నాటికి ఏటా ఏడున్నర కోట్ల మందికి మలేరియా సోకేదని, 8 లక్షల మంది మరణించేవారని అంచనా. 1953లో జాతీయ మలేరియా నియంత్రణ కార్యక్రమం ఆరంభమైంది. రక్తం పీల్చిన దోమ బరువెక్కి గోడ మీద వాలుతుంది. ఆ గోడకు చల్లిన డి.డి.టి. నెలల తరబడి నిలుస్తుంది గనుక దోమ అక్కడే అంతమవుతుంది. బాసెల్ పంజరంలో జరిగినదే ప్రతి ఇంటిలోనూ జరిగింది. 1960ల మధ్యకాలానికి రోగుల సంఖ్య లక్ష ప్రాంతానికి దిగింది. కోరాపుట్ వంటి కొండ ప్రాంతాలలో మలేరియాకు భయపడి బదిలీలు తప్పించుకున్న ఉద్యోగుల కథలు విన్నవారికి ఆ మార్పు విలువ వేరే చెప్పనక్కరలేదు.

కానీ ఆ నిలిచే గుణమే పొలాలలో వేరొక రూపం దాల్చింది. డి.డి.టి. నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. చిన్న చేపలో ఉన్నది పెద్ద చేపలోకి, అక్కడి నుండి గద్దలోకి చేరి కూడుతూ పోతుంది. పక్షుల గుడ్ల పెంకులు పలచబడ్డాయి. 1962లో రేచెల్ కార్సన్ పుస్తకం లోకాన్ని మేల్కొలిపింది. దోమలు కూడా మందుకు అలవాటు పడ్డాయి. 1976లో మన దేశంలో రోగులు తిరిగి 64 లక్షలకు చేరారు. అమెరికా 1972లో డి.డి.టి.ని నిషేధించగా, మన దేశం వ్యవసాయంలో దాని వాడకాన్ని 1989లో ఆపింది. 2001 నాటి స్టాక్‌హోం ఒప్పందం వ్యాధికారక కీటకాల నివారణకు మాత్రం దానిని మినహాయించింది. ముల్లర్‌ను దోషిగా నిలబెట్టడం అన్యాయమే అవుతుంది. అయితే ఆయన ఏడు లక్షణాల జాబితాలో, పని ముగిసిన పిదప ఈ పదార్థం ఎప్పుడు, ఎలా నశించాలి అన్న ప్రశ్నకు చోటు లేదు. కారోథర్స్ ప్రయోగశాలలోనూ ఆ ప్రశ్న వినిపించలేదు.

పూరీ తీరాన తరతరాలుగా స్థిరపడిన తెలుగు జాలరి కుటుంబాలకు ఈ మాట చప్పున అర్థమవుతుంది. పూర్వం నూలు వలలు ఉండేవి. బెరడు కషాయంలో నానబెట్టి, ప్రతిరోజూ ఎండబెట్టకపోతే అవి కుళ్లిపోయేవి. నైలాన్ వల వచ్చి ఆ చాకిరీని తప్పించింది. మన వలలలో ఎక్కువగా వాడేది కారోథర్స్ నైలాన్ కాదు. ఆయన పేటెంటు పరిధిలోకి రాని మార్గం వెదకి, కాప్రోలాక్టమ్ అనే ఒకే పదార్థం నుండి జర్మనీలో పాల్ ష్లాక్ 1938 జనవరిలో రూపొందించిన నైలాన్-6. నూలు వల తెగి సముద్రంలో పడితే కొద్దికాలానికి చివికిపోయేది. నైలాన్ వల తెగిపోయినా నీటిలో తేలుతూ, ఎవరికీ అక్కరలేని చేపలను పడుతూనే ఉంటుంది. ఋషికుల్య, గహిరమథ తీరాలకు గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకూ వలలు ఉరులవుతున్నాయి.

నైలాన్-6కు మాత్రం ఒక తిరుగుదారి ఉంది. దానిని వేడితో విడగొట్టి, అది పుట్టిన కాప్రోలాక్టమ్‌గా మార్చి, మళ్లీ కొత్త దారం తీయవచ్చు. ఐరోపాలో పాత వలలతో ఈ పని చేసే కర్మాగారం కూడా వెలసింది. అయితే అందుకు వల ముందు ఒడ్డుకు చేరాలి. తెగిపోయిన వలను వెదకి తెచ్చేవారు ఇంకా కొద్దిమందే.