ఖాళీ సీటు – కావలసిన మనిషి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసులో ఉన్నన్నాళ్ళూ ఆబిడ్స్, నాంపల్లి మనలో చాలామందికి రోజూ వచ్చే దారే. ఇప్పుడు కొందరు కూకట్‌పల్లిలో, కొందరు ఎల్బీనగర్‌లో స్థిరపడ్డారు. సమావేశానికి రాలేనివారిలో చాలామందికి రావాలనే ఉంటుంది, తోడే ఉండదు. మరోవైపు కారులో ఒంటరిగా వచ్చే సభ్యులూ ఉన్నారు. ఈ ఇరువురినీ కలపడానికి ఒక చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం రాశాను. నలభై వరుసలకు మించదు.

దానికి కావలసినవి రెండు జాబితాలు. కారు తెచ్చేవారు తమ దారి, బయలుదేరే వేళ, ఖాళీ సీట్లు ఎన్నో రాయాలి. సీటు కావలసినవారు ఎక్కే చోటు, సిద్ధంగా ఉండే వేళ రాయాలి.

పిన్‌కోడ్ చూసి జతపరిస్తే సరిపోదా అని ఒక మిత్రులు అడిగారు. కూకట్‌పల్లి 500072, ఎల్బీనగర్ 500074. అంకెల్లో తేడా రెండే. కానీ ఒకటి నగరానికి వాయవ్యాన, రెండోది ఆగ్నేయాన ఉన్నాయి. అందుకే ప్రోగ్రాం అంకెలు చూడదు, దారి చూస్తుంది. కూకట్‌పల్లి, ఎర్రగడ్డ, అమీర్‌పేట, ఖైరతాబాద్, లక్డీకాపూల్, నాంపల్లి – ఈ వరుసలో కారు బయలుదేరిన చోటుకు ఇవతల ఎవరున్నా ఎక్కవచ్చు.

ఇక అసలు విషయం. ముందు అడిగినవారికి ముందు సీటు అనేది న్యాయంగానే కనిపిస్తుంది. ఒక ఉదాహరణ చూడండి. కూకట్‌పల్లి నుంచి ఒక కారు, అమీర్‌పేట నుంచి ఒక కారు వస్తున్నాయి. రెండింటిలోనూ ఒక్కొక్క సీటే ఖాళీ. ఖైరతాబాద్ సభ్యులు ముందుగా పేరిచ్చి కూకట్‌పల్లి కారులో సీటు తీసుకున్నారు. తర్వాత ఎర్రగడ్డ సభ్యులు అడిగితే వారి దారిలో సీటు లేదు. అమీర్‌పేట కారేమో ఖాళీగా వస్తుంది! ఎర్రగడ్డ వారికి ముందు సీటిచ్చి ఉంటే ఇద్దరూ హాయిగా వచ్చేవారు.

కాబట్టి ప్రోగ్రాం ఒకే సూత్రం పాటిస్తుంది: ఎవరికి అవకాశాలు తక్కువో వారికి మొదట సీటు. ఒకరికి ఇచ్చాక మిగిలినవారి అవకాశాలను మళ్ళీ లెక్కిస్తుంది. ఎవరైనా రాలేమని చెబితే మళ్ళీ నడిపిస్తే చాలు. ఈ పద్ధతి ప్రతిసారీ అందరికీ సీటు చూపిస్తుందని హామీ లేదు. అందుకని చివర్లో ఒక మనిషి చూసుకోవాలి. మోకాళ్ళ నొప్పులున్నవారికి ముందు సీటు ఇవ్వాలన్న సంగతి కంప్యూటరుకు తెలియదు కదా! తిరుగు ప్రయాణానికి వేరే జాబితా ఉంటుంది.

2018 సెప్టెంబరు నుంచి నాంపల్లి, గాంధీభవన్ స్టేషన్ల మీదుగా మెట్రో నడుస్తోంది. స్టేషను దాకా నడవగలిగినవారు అందులో వస్తే, నడవలేనివారికి కారులో చోటు మిగులుతుంది.

డబ్బు సంగతి. సొంత కారులో కిరాయికి ఎక్కించుకోవడానికి చట్టం ఒప్పుకోదు. పర్మిట్ కావాలి. కనుక మన జాబితాలో ఛార్జీ అనే గడి లేదు. ఫోన్ నంబర్లు కూడా అందరికీ పంచం. ఒకే కారులో వచ్చేవారికి మాత్రమే ఇస్తాం.

చివరిగా ఒక్క మాట. మనకు ఇవ్వడం కన్నా అడగడం కష్టం. “మీ కారులో వస్తాను” అని నోరు విప్పలేక ఇంట్లో ఉండిపోయేవారున్నారు. ఈ పద్ధతిలో ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు, ఎవరూ ముఖం మీద కాదనవలసిన పనీ లేదు. కాగితం మీద పేరు రాస్తే చాలు. నలభై వరుసల ప్రోగ్రాం తీర్చేది ఆ మొహమాటాన్నే. బయట బల్ల మీద ఫారాలున్నాయి. కారు ఉన్నవారు, లేనివారు అందరూ దయచేసి నింపి వెళ్ళండి.